పిల్లలకి స్వాతంత్ర్య పోరాటం చెప్పాలంటే: విశాఖలో ఒక టీచరమ్మ అనుభవం

మీ ప్రశ్న చదివాను. పాప మూడో తరగతి. ఆగస్టు 15కి ఇచ్చిన ఉపన్యాసం గడగడా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఇంటికొచ్చాక మాత్రం "ఇంతకీ వాళ్ళు మనల్ని ఏం చేశారమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో మీకు తోచలేదన్నారు. అమ్మా, ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం మొదలైపోయినట్టే. ఉపన్యాసంలో లేనిది అదే.

నేను 22 ఏళ్ళుగా ప్రాథమిక పాఠశాల టీచర్ని. మొదటి ఆరేళ్ళు చింతపల్లి వైపు ఏజెన్సీలో చేశాను, ఆ తర్వాత విశాఖ వచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ బోర్డు మీద పేర్లు, తేదీలు రాసి వల్లె వేయించేదాన్ని. ఒకరోజు ఏజెన్సీ బడిలో మన్యం పోరాటం చెబుతూ, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వల్ల కొండల్లో పోడు, అంటే చెట్లు నరికి కాల్చిన చోట చేసే సాగు, చేసుకోవడం కష్టమైపోయిందని చదివాను. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "అయితే టీచర్, మా తాత కొండ మీద చోళ్ళు జల్లితే జైల్లో ఎట్టేస్తారేటి?" అన్నాడు. వాడి మొహంలో నిజమైన భయం. నేను పుస్తకం మూసేశాను. ఆ గంటంతా పిల్లలే మాట్లాడారు. ఎవరి కొండ, ఎవరి కట్టెలు, ఎవరినడిగి చట్టం పెట్టారు అని. అప్పటి నుంచీ తేదీతో పాఠం మొదలుపెట్టలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి "1857" అంటే ఏమీ కాదు. "నీది నువ్వు తీసుకోకూడదు" అన్నారంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

విశాఖ పిల్లలకి పోడు తెలీదు. సముద్రం తెలుసు. అందుకని ఇక్కడ ఉప్పుతో మొదలుపెడతాను. మీరూ ఇంట్లో చేయొచ్చు. ఎండ బాగా ఉన్న రోజుల్లో ఒక సీసాడు సముద్రపు నీళ్ళు తెచ్చి, పావు లీటరు వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోసి, పల్చటి గుడ్డ కప్పి డాబా మీద పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు ఎగిరిపోయి అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఎండాకాలంలో అయితే లీటరుకి సుమారు 30 గ్రాములు, అంటే మీ పావు లీటరుకి ఒక చెంచా పైన వస్తుంది. నోట్లో పెట్టుకోనివ్వకండి, బీచ్ నీళ్ళు శుభ్రంగా ఉండవు. పాప ఆ తెల్లటి పొడి వేళ్ళతో తడుముతున్నప్పుడు చెప్పండి: "ఆ రోజుల్లో ఇలా చేస్తే నేరం. ఉప్పు సర్కారు వాళ్ళే చేయించాలి, మనం పన్ను కట్టి కొనుక్కోవాలి." మా క్లాసులో ప్రతి ఏడూ ఇక్కడే గోల మొదలవుతుంది. "సముద్రం ఆళ్ళదేటి?" అని. ఒక పిల్ల వాళ్ళ అమ్మమ్మది నౌపడా. అక్కడి ఉప్పు కొటార్లు చూసిందట, ఎండే కదా టీచర్ ఉప్పు చేసేది, ఎండకి కూడా పన్నా అంది.

అప్పుడు గాంధీ గారు వస్తారు. 1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయల్దేరి, సుమారు 385 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 6న దండిలో గుప్పెడు ఉప్పు ఎత్తారు. 385 అంటే పిల్లలకి తెలీదు. మన ఊరి నుంచి నడవడం మొదలుపెడితే విజయవాడ దాటి ఇంకా ముందుకి పోవాలి అంటే నోరు తెరుస్తారు. చేతిలో కర్ర, కళ్ళజోడు ఉన్న తాతగా కాకుండా, ఒక అన్యాయాన్ని అందరికీ కనబడేలా చేసిన మనిషిగా ఆయన అప్పుడే అర్థమవుతారు.

సీతారామరాజు కథ రెండో వారం చెబుతాను. పద్మనాభం దగ్గర పాండ్రంగి ఆయన పుట్టిన ఊరు. వీలుంటే సెలవురోజు తీసుకెళ్ళండి, మనకి దగ్గరే. లంబసింగి వైపు రోడ్డు పనిలో గిరిజనులకి సరైన కూలి ఇవ్వకపోవడం, పోడు ఆపడం ముందు చెప్పి, తర్వాత 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి సంగతి చెబుతాను. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. చింతపల్లిలో అయితే ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ డైరీలోనే రాసి సంతకం పెట్టాడు. "దొంగోడు సంతకం ఎట్టి ఎల్తాడేటి టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఆగుతాను. జవాబు పిల్లల్నే చెప్పమంటాను. "ఆయన దొంగ కాదు గనక" అన్నది వాళ్ళ నోటి నుంచే రావాలి.

ఈ పాఠంలోనే నాకు మరిచిపోలేని సంగతి ఒకటి జరిగింది. నాలుగో తరగతి పాప ఒకతె, వాళ్ళ నాన్న కానిస్టేబుల్. స్టేషన్ల మీద దాడి అనగానే మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పాప తల వంచుకుంది. సాయంత్రం నా దగ్గరకొచ్చి, "మా నాన్న చెడ్డోళ్ళ పార్టీయా టీచర్?" అంది. నా గుండె జారిపోయింది. ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్పాను గానీ ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి మళ్ళీ చెప్పాను. దామనపల్లి ఘాట్‌లో రాజు దళం మాటు వేసినప్పుడు, ముందు నడిచిన మన దేశపు సిపాయిల్ని పోనిచ్చి, వాళ్ళని నడిపించిన తెల్ల అధికారుల మీదే దెబ్బ తీసింది. అప్పటి పోలీసుల్లో చాలామంది మనవాళ్ళే, జీతం కోసం చేరినవాళ్ళే. రాజుకి ఆ తేడా తెలుసు. అప్పుడు ఆజ్ఞ ఇచ్చే ప్రభుత్వాన్ని మనం ఎన్నుకోలేదు, ఇప్పుడు మీ అమ్మానాన్నలు వేలికి సిరా పూయించుకుని ఎన్నుకుంటున్నారు, ఈ పాప నాన్న పనిచేసేది ఆ ప్రభుత్వంలో అని చెప్పాను. ఆ మాట అనేసరికి పాప తలెత్తింది. అప్పటి నుంచీ ఈ ముక్క చెప్పకుండా ఆ పాఠం ముగించను. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చి చంపారన్నది కూడా దాచను. ఒక్క వాక్యంలో చెప్పి కాసేపు ఊరుకుంటాను. రక్తం, చెట్టుకి కట్టేయడం లాంటి వర్ణనలు ఈ వయసుకి వద్దు.

ఒక పని మాత్రం చేయకండి. చాలామంది చేయమంటారు, నేనూ చేశాను. బడి వేపచెట్టు చుట్టూ తాడు కట్టి, నీడలో కూర్చోవాలంటే పెన్సిల్ పన్ను కట్టాలన్నాను. వసూలుకి ఒక పిల్లాణ్ణి పెట్టాను. ఆట అయిపోయినా రెండ్రోజులు వాడితో ఎవరూ మాట్లాడలేదు. తప్పు నాది, శిక్ష వాడికి పడింది. ఇప్పుడు ఆ ఆట ఆడితే వసూలు నేనే చేస్తాను. పది నిమిషాల్లో ముగించి, పెన్సిళ్ళు తిరిగిచ్చేసి, తాడు అందరిచేతా విప్పిస్తాను.

జెండా గురించి వేరే పాఠం అక్కర్లేదు. రంగులు వేసేటప్పుడు చెబితే చాలు: 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి నమూనా ఇవ్వడం, 1947 జులై 22న ఇప్పటి రూపం ఖాయం కావడం, చక్రంలో 24 గీతలు. గీతలు లెక్కపెట్టడం వాళ్ళకి భలే ఇష్టం.

మీ ఇంట్లోనో వీధిలోనో తొంభై దాటినవాళ్ళుంటే పాపని కూర్చోబెట్టండి. మా బడికి ఒక పిల్లాడి తాతమ్మ వచ్చి, చిన్నప్పుడు బాంబులు పడితే బండి కట్టుకుని ఊరొదిలి పోయామని చెప్పింది. బాంబులేసింది తెల్లవాళ్ళే అనుకున్నారు పిల్లలు. కాదు, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన ఊరి మీద వేసిన బాంబులవి, ఆ యుద్ధంలోకి మనల్ని అడగకుండానే దింపారు అని చెప్పాల్సి వచ్చింది. "ఇదీ అడగలేదా?" అన్నాడు ఒకడు.

మీ పాప అడిగినదానికి ఇవాళే జవాబు చెప్పేయాలని తొందరపడకండి. ఈ ఆదివారం పొద్దున్నే రుషికొండ వైపు వెళ్ళి ఒక సీసా నింపుకు రండి. పళ్ళెం ఎండలో పెట్టాక కాకులు తన్నకుండా అంచుల మీద రెండు రాళ్ళు పెట్టండి.