మ్యూనిక్ నుంచి ఫ్లోరెన్స్ దాకా కారులో: నీ బడ్జెట్‌లో లేని ఖర్చులు

తమ్ముడూ, మీ అమ్మానాన్నలు నీ దగ్గరికి వచ్చే వేసవిలో కారు అద్దెకు తీసుకుని ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, ఇటలీలో వెనిస్, ఫ్లోరెన్స్, కోమో, స్విట్జర్లాండ్‌లో లూసర్న్ చుట్టి రావాలన్న నీ ఆలోచన బాగుంది. అయితే నువ్వు రాసిన లెక్కలో కారు అద్దె, పెట్రోలు, హోటళ్లు మాత్రమే ఉన్నాయి. మొదటిసారి నేనూ అంతవరకే రాసుకున్నాను. ఆ మూడూ అనుకున్నట్టే అయ్యాయి. దెబ్బ కొట్టింది నేను రాసుకోనివి.

అన్నిటికంటే పెద్దది ఇటలీ ఊళ్లలోని జెడ్‌టీఎల్. పాత ఊరి నడిబొడ్డున బయటి కార్లు తిరగకూడని ప్రాంతం అది. గేటు ఉండదు, పోలీసు ఉండడు. ఎర్ర వలయం ఉన్న తెల్ల బోర్డు, పైన కెమెరా, అంతే. ఫ్లోరెన్స్‌లో మా హోటల్ సరిగ్గా అందులోనే ఉంది. నావిగేషన్ తీసుకెళ్లిన దారినే వెళ్లాను. పార్కింగ్ దొరక్క అదే వీధుల్లో చుట్లు కొట్టాను, సామాను దించడానికి మళ్లీ వచ్చాను, మర్నాడు పొద్దున అదే దారిన బయటపడ్డాను. కెమెరా కింద ఎన్నిసార్లు దూరితే అన్ని జరిమానాలు అని అప్పటికి నాకు తెలియదు. ఇంటికొచ్చి అంతా మర్చిపోయాక కార్డు స్టేట్‌మెంట్‌లో అద్దె సంస్థ కోత కనిపించింది. అది జరిమానా కూడా కాదు, పోలీసులకు నా చిరునామా ఇచ్చినందుకు ఫీజు, ఒక్కో ఉల్లంఘనకూ విడివిడిగా. అసలు జరిమానాల కవర్లు ఇంకొన్ని నెలలకు వచ్చాయి. విదేశాల్లో ఉండేవాళ్లకు నోటీసు పంపడానికి వాళ్ల చట్టంలో 360 రోజుల గడువుంది కాబట్టి ఆర్నెల్లయినా ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకు. అందిన అయిదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది. నేను ఆ కవరు ఎవరితో చదివించుకోవాలా అని వెతుక్కునేసరికి ఆ గడువు దాటిపోయింది. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు పంపలేకపోయాను. మా నాన్నగారికి కారణం చెప్పడానికి నోరు రాలేదు.

అందుకే ఫ్లోరెన్స్‌లో కారుతో ఊళ్లోకి వెళ్లనే వద్దు. ఏ1 మోటార్‌వే మీద నుంచే నేరుగా దిగే విల్లా కొస్తాంజా అనే పార్కింగ్ ఉంది. అక్కడ కారు పెట్టి టీ1 ట్రామ్ ఎక్కితే శాంతా మరియా నొవెల్లా స్టేషన్ దగ్గర దిగుతారు. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నావు కదా, ట్రామ్‌లో కూర్చుని వెళ్లడం ఆయనకూ సుఖం. పాత ఊళ్లోనే హోటల్ కావాలనుకుంటే, కారు నంబరు మునిసిపాలిటీలో నమోదు చేయిస్తారా అని ముందే మెయిల్ రాసి అడుగు, జవాబు దాచుకో. వెనిస్‌కైతే దాని పక్కనే గట్టు మీదున్న మెస్త్రేలో బస, అక్కడి నుంచి రైలు. వెనిస్ లోపల కారుకు ఎలాగూ దారి లేదు, దాని వాకిట్లో పార్కింగ్ రేటు చూస్తే గుండె ఆగుతుంది.

ఇక రోడ్డు పన్నులు. జర్మనీలో కార్లకు టోల్ లేకపోవడంతో మనవాళ్లు అన్నిచోట్లా అంతే అనుకుంటారు. ఆస్ట్రియాలో విగ్నెట్ కావాలి, అంటే మోటార్‌వేల మీద ఇన్ని రోజులు తిరగడానికి ముందే కొనుక్కునే పన్ను చీటీ. పది రోజులది చాలు. అది కొన్నా ఇన్స్‌బ్రుక్ దాటాక బ్రెన్నర్ మోటార్‌వేకి టోల్ విడిగా కట్టాలి. తప్పించుకుందామని పక్క ఊళ్లలోకి దిగకు. వేసవి వారాంతాల్లో ఆ ప్రాంతమైన టిరోల్ వాళ్లు ఆ దారులు మూసి వెనక్కి తిప్పేస్తారు. స్విట్జర్లాండ్‌లో పది రోజులది, నెలది అంటూ ఉండవు. ఒక్కరోజు తిరిగినా ఏడాది విగ్నెట్టే, 40 ఫ్రాంకులు. అది లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విగ్నెట్ ఎలాగూ కొనిపిస్తారు. తిరుగు ప్రయాణంలో మాత్రం నీకొక లాభం ఉంది. సెయింట్ గాలెన్ మీదుగా వస్తే బ్రెగెంజ్ దగ్గర హోహెనెమ్స్ నుంచి జర్మనీ సరిహద్దు దాకా ఆస్ట్రియా విగ్నెట్ అక్కర్లేదు. కాబట్టి పోయేటప్పుడు కొన్న పది రోజులూ అయిపోయినా రెండోది కొనకు. విగ్నెట్లన్నీ ఆయా దేశాల అధికారిక సైట్లలోనే కొను. గూగుల్‌లో పైన కనపడేవాటిలో చాలా సైట్లు మధ్యలో కమీషన్ వేసుకునేవే.

ఇటలీ మోటార్‌వేల్లో ఎక్కువచోట్ల చీటీ తీసుకుని లోపలికి వెళ్లి, దిగేచోట దూరాన్ని బట్టి కట్టాలి. టెలిపాస్ అని పసుపు రంగులో రాసున్న లైనులోకి పోవద్దు, అది టోల్ దానంతటదే కట్టే పరికరం ఉన్న కార్లకు. పొరపాటున దూరినా రివర్స్ మాత్రం చేయకు, చాలా ప్రమాదం. సాయం బటన్ నొక్కితే ఒక కాగితం వస్తుంది, 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు.

కారు తీసుకునే కౌంటర్ దగ్గర ఇంకో గండం. జర్మనీకి కొత్తగా వచ్చిన మన పిల్లల చేతిలో బ్యాంకు ఇచ్చిన జిరోకార్డ్ అనే డెబిట్ కార్డు ఒక్కటే ఉంటుంది. డిపాజిట్‌కి చాలా సంస్థలు డ్రైవరు పేరు మీద ఉన్న అసలైన క్రెడిట్ కార్డు అడుగుతాయి. అది లేదంటే కౌంటర్‌లో ఖరీదైన పూర్తి బీమా అంటగడతారు, ఆ క్షణంలో వెనక సామానుతో నిలబడ్డ అమ్మానాన్నల్ని చూసి మనం సంతకం పెట్టేస్తాం. ఇప్పుడే కార్డుకు దరఖాస్తు చెయ్యి. కారు మీద గీత పడితే మన వాటా కింద కట్టాల్సిన మొత్తానికి విడిగా బీమా దొరుకుతుంది, ముందే తీసుకుంటే కౌంటర్ ధరలో చిన్న భాగం. ఏయే దేశాలకు కారు తీసుకెళ్లవచ్చో ఒప్పందంలో చదువు. స్విట్జర్లాండ్‌లో కార్డు మిషన్ యూరోలా ఫ్రాంకులా అని అడిగితే ఎప్పుడూ ఫ్రాంకులే నొక్కు. యూరోలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. అక్కడ ఈయూ రోమింగ్ వర్తించదు, నీ ఫోన్ ప్లాన్‌లో ఆ దేశం ఉందో లేదో చూసుకో.

తిండి సంగతి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకో. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, కందిపొడి, ఊరగాయ డిక్కీలో ఉంటే పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోవచ్చు. పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో బయట నలుగురు కూర్చుని భోంచేస్తే అయ్యే బిల్లుతో ఇంకో రాత్రి బస దొరుకుతుంది. ఇంకో మాట, పెద్దవాళ్ల ముందు బిల్లు పెట్టకు. ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చి చూసుకుని కాఫీ కూడా వద్దంటారు. డబ్బు ముందుగా లెక్కపెట్టుకునేది వాళ్లు ఆ కాఫీ మనసారా తాగాలనే.

ఇలా ఒక్కొక్కటీ పట్టుకున్నాక మా ఇంటి ప్రయాణాలు వేసుకున్న బడ్జెట్ దాటడం లేదు. ఇప్పటి పిల్లలు యాప్ చూసి బయల్దేరిపోతారు, కాగితం మీద రాసుకోరు. నువ్వు రాసుకో.

వీసా సంగతులు కాన్సులేట్ సైట్లో చూసుకో. అమ్మానాన్నల షెంగెన్ వీసా ఈ నాలుగు దేశాలకూ సరిపోతుంది. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది కనుక పాస్‌పోర్టులు, నీ రెసిడెన్స్ పర్మిట్ అసలువే దగ్గరుంచుకో.

ఒక్కటి మాత్రం నువ్వు రాయలేదు. జర్మనీలో చిరునామా నమోదు చేసుకుని ఎన్నాళ్లయింది? మన లైసెన్సు, అనువాదంతో కలిపి, ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. వేసవికి అది దాటిపోతే స్టీరింగ్ నీ చేతికి రాకూడదు, ప్రమాదం జరిగితే బీమా సంస్థ ఆ నష్టాన్ని నీ నెత్తిన వేయవచ్చు. ఆ తేదీ చూసి రాయి. దాటేలా ఉంటే జర్మనీ లైసెన్సు కోసం డ్రైవింగ్ స్కూల్లో ఈ వారమే పేరు రాయించుకో, కారు బుకింగ్ ఆ తర్వాత.