బలమైన కూతగాడికి ఎదురుగా ఏడుగురు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కబడ్డీ మీదే. సంక్రాంతి టోర్నీలు దగ్గర పడుతున్నాయి కదా. మాటలు వేరైనా అందరి బాధ ఒకటే: ఎదుటి రైడర్ ఆగడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం పట్టుకే ఇచ్చాం.

పరకాల దగ్గరి ఊరి జట్టు కెప్టెన్: సార్, మేము ఆడబోయే టీమ్ల ఇద్దరు రైడర్లున్నరు. ఒకాయన ఎనభై కిలోలుంటడు, ఇద్దరం పట్టినా ఈడ్చుకుంట పోతడు. ఇంకో పిల్లగాడు బక్కగ ఉంటడు గని ఎటు ఉరుకుతడో తెల్వది. ఓసారి బోనస్ అంటడు, ఓసారి మా చేతుల కిందికెల్లి దూరి పోతడు. పెద్దాయన కోసం ముందుకొస్తే చిన్నోడు కొడుతున్నడు, వెనుకకు జరిగితే బోనస్ పోతున్నది. డిఫెన్స్ ఎట్ల పెట్టుకోవాలె?

ఇద్దరికీ ఒకే పద్ధతి పెట్టారు, ఎవరు వస్తే వాళ్ళ వెంట పడుతున్నారు. తప్పు అక్కడుంది. రైడర్ ఎటు ఉరికినా చివరికి నడిమి గీతకే రావాలి. మీరు మూయాల్సింది ఆ తిరుగు దారిని. ఎవరు ముందు పట్టాలి, ఎవరు దారి మూయాలి అన్నది బరిలోకి దిగకముందే తేలిపోవాలి.

ముందు కొలతలు మనసులో పెట్టుకోండి. మగవాళ్ళ బరిలో ఒక్కో పక్షం లోతు 6.5 మీటర్లు. నడిమి గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాల్క్ లైన్, 4.75 దగ్గర బోనస్ లైన్, అది దాటి కాలు ఆనిస్తే దొరికేదే బోనస్ పాయింట్. ఎవరినీ ముట్టని రైడర్ బాల్క్ లైన్ దాటి తీరాలి, లేదంటే ఔట్. ఇప్పుడు అతడి శరీరాన్ని కొలవండి. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి చేతులు చాచి బోర్లా పడితే మడమ నుంచి వేలి కొస దాకా 2.2 మీటర్లకు తక్కువ రాదు, అదే అతడి చాపు. అంటే నడిమి గీతకు రెండు మీటర్ల లోపు అతడి కాలు పట్టుకుంటే మీరు పట్టినట్టు కాదు, పాయింట్ తీసి చేతిలో పెట్టినట్టు.

అందుకని ప్రాక్టీసులో నడిమి గీతకు 2.5 మీటర్ల దూరంలో ముగ్గుపిండితో ఇంకో అడ్డగీత గీయండి. ఆ గీతకు లోతున, అంటే మీ ఎండ్ లైన్ వైపు మొదటి పట్టు పడితే మిగతావాళ్ళంతా మీద పడాలి. గీత దాటి నడిమి గీత వైపు పోయాక పట్టు పడితే ఇంకెవరూ చేయి వేయొద్దు. అప్పటికే ముట్టుకున్న ఒక్కడు ఎలాగూ పోయాడు. మిగతా ముగ్గురు ఆవేశంతో పోయి తగులుకుంటే ఒక్క పాయింట్ నాలుగవుతుంది. పెద్ద రైడర్ మీ మీద గుత్తగా పాయింట్లు తీసుకుపోవడానికి అతడి బలం కన్నా ఈ ఆలస్యపు సాయమే పెద్ద కారణం.

నిలబడే తీరు 2-3-2. కుడి చివర నిలబడే కుడి కార్నర్, అతడి పక్కనే లోపలి వైపు నిలబడే కుడి ఇన్ ఒక జత. ఎడమ కార్నర్, ఎడమ ఇన్ ఇంకో జత. మధ్యలో రెండు కవర్లు, సెంటర్. కార్నర్లు బోనస్ లైన్ దగ్గర, సెంటర్ అందరికన్నా లోతున ఉంటే అర్ధచంద్రంలా కుదురుతుంది. ఇక కదలిక తలుపులా ఉండాలి. రైడర్ ఏ కార్నర్ మీదికి పోతే ఆ కార్నర్ వెనక్కి తగ్గుతాడు, అది బందు. అవతలి కార్నర్, ఆ వైపు కవర్ ముందుకు తిరుగుతారు, అది రెక్క. రైడర్ లోతుకు దిగేకొద్దీ రెక్క అతడి వెనకాల మూసుకుంటూ రావాలి. ఏడుగురూ ఒకేసారి వెనక్కి తగ్గితే తలుపు తెరిచి పెట్టినట్టే.

పెద్దాయనకు: బోనస్ ఇచ్చేయండి. మనసు ఒప్పుకోదని తెలుసు, కానీ లెక్క చూడండి. బోనస్‌కు పాయింట్ ఒక్కటే, మీ వాళ్ళు ఎవరూ బయటికి పోరు, వాళ్ళ ఔటైన ఆటగాడు కూడా లోపలికి రాడు. టచ్ అయితే ఈ రెండూ జరుగుతాయి. బోనస్ కోసం అతడు 4.75 మీటర్లు రావాలి, మళ్ళీ అంత దూరం పోవాలి. అలా నాలుగైదు సార్లు తిరిగితే ఎనభై కిలోల మనిషికి రెండో సగంలో ఊపిరి చాలదు. అతడు ముట్టుకోవడానికి లోతుకు వచ్చినప్పుడే పట్టండి, అదీ ముగ్గురు. కార్నర్ మోకాలి పైన తొడ, పక్కనున్న ఇన్ నడుము, అవతలి కవర్ ఎదురుగా వచ్చి ఛాతీతో బ్లాక్. బ్లాక్ పెట్టేవాడు కాళ్ళు వెడల్పుగా చాచి, రైడర్ ముఖాన్ని కాక బొడ్డును చూడాలి. తలతో ఎవరైనా మాయ చేయగలరు, బొడ్డు ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు.

బక్క పిల్లవాడికి: ఇక్కడ బోనస్ ఇవ్వకండి, బోనస్ మీదే పట్టండి. బోనస్ చెల్లాలంటే గీత దాటిన కాలు నేలకు ఆనే వేళ వెనక కాలు గాలిలో ఉండాలి. ఆ క్షణంలో అతడి బరువంతా ఒక్క కాలి మీదే ఉంటుంది, నడిమి గీత అతడి చాపుకు రెండింతల దూరంలో ఉంటుంది. కార్నర్‌కు ఇంతకన్నా మంచి క్షణం దొరకదు. ఇక ఉరుకుతూ చేయి విసిరే రన్నింగ్ హ్యాండ్ టచ్‌కు మందు ఒక్కటే: మీ చేతులు ముందుకు రాకూడదు. మన చేయి చాచితే అతడికి అర మీటరు దగ్గరైనట్టే. దీనికి ఒక కసరత్తు ఉంది. ఏడుగురికీ తలా ఒక తువ్వాలు ఇచ్చి వీపు వెనక రెండు కొసలూ పట్టుకోమనండి. మీ వాళ్ళలో చురుకైనవాణ్ణి రైడర్‌గా పంపి 30 సెకన్లు తప్పించుకోమనండి. రోజుకు పది రైడ్లు. నాలుగో రోజుకు పాదాలు వాటంతట అవే కదలడం మొదలవుతుంది.

చేతుల కింద దూరడాన్ని దుబ్కీ అంటారు. 2017 ప్రో కబడ్డీలో పర్‌దీప్ నర్వాల్ హర్యానా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 34 రైడ్ పాయింట్లు తీశాడు. ఆయన పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది దుబ్కీనే. చెయిన్, అంటే జతగాళ్ళు పట్టుకున్న చేతులు, ఛాతీ ఎత్తులో ఉంటే దుబ్కీకి గుమ్మం కట్టి ఇచ్చినట్టు. పట్టుకున్న చేతులు తొడల మధ్యకు దించండి, మోకాళ్ళు వంచండి. అయినా అతడు వంగితే పైనుంచి వీపు మీద చేయి వేయకండి, జారిపోతాడు. సగం అడుగు వెనక్కి వేయండి. వంగినవాడు లేవక తప్పదు. లేచే క్షణంలో నడుము దొరుకుతుంది.

చివరగా, సైగ. "పట్టు" అని అరిస్తే రైడర్‌కూ వినిపిస్తుంది. కార్నర్ తన జతగాడి అరచేతిని ఒక్కసారి గట్టిగా నొక్కితే "పోతున్నా" అని అర్థం. నొక్కు తగలగానే ఇన్ కూడా కదలాలి. వేళ్ళు పెనవేయొద్దు, అరచేతిలో అరచేయి చాలు. పెనవేసిన వేళ్ళు సమయానికి విడవవు, ఒక్కోసారి కీలు కూడా తప్పుతుంది.

నర్సంపేట నుంచి ఒక కార్నర్ ఆటగాడు: నా చేతికి కాలు దొరుకుతది, గని ఆగది. గుంజుకుని పోతడు. పట్టు బలం పెంచుకునుడు ఎట్ల?

బలం తరువాత, ముందు ఏ కాలు అన్నది చూసుకోండి. గాలిలో ఉన్న కాలు పట్టుకుంటే రైడర్ దాన్ని విదిలించుకుంటాడు. నేల మీద ఆని, బరువు మోస్తున్న కాలు పట్టాలి. దాన్ని లాక్కోవాలంటే ముందు బరువు రెండో కాలి మీదికి మార్చుకోవాలి, ఆ సందే మీది.

చేతులతోనే పట్టడం రెండో లోపం. ఒక చేయి మడమ వెనక, ఇంకో చేయి దాని మీదుగా వేసి, కాలిని మీ ఛాతీకి హత్తుకోండి. భుజం అతడి పిక్కకు ఆనాలి. తల అతడి రెండు కాళ్ళ మధ్య ఉండకూడదు, బయటి వైపు ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి. ఇలా చేయకే పళ్ళు, ముక్కు దెబ్బతింటాయి. పట్టు పడ్డాక మీరు వెనక్కి గుంజొద్దు, పక్కకు దొర్లండి. నేరుగా గుంజే బలాన్ని నేరుగా గెలవలేం, పక్కకు తిప్పితే అతడి తుంటి తిరిగిపోయి చేయి గీత వైపు చాపలేడు. కాళ్ళతో కత్తెర వేసి పట్టడం, బట్టలు లాగడం, కూత ఆగేలా నోరు మూయడం నిషిద్ధం. ఆవేశంలో ఇవి జరిగిపోతాయి, జాగ్రత్త.

నేర్చుకునేటప్పుడు వరిగడ్డి మందంగా పరిచి పైన టార్పాలిన్ కప్పండి. వైపుకు పన్నెండు పదిహేను పట్లు చాలు. అలసిన ఒంటితో పట్టిన పట్టు తప్పుడు అలవాటై కూర్చుంటుంది. ఇరాన్ లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి ఆట దొరికితే చూడండి. చేతులు కాదు, పట్టడానికి ముందు ఆయన పాదాలు ఎంతసేపు నిలకడగా ఉంటాయో చూడండి. 2018 ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇరాన్ మన జట్టును 18 పాయింట్ల దగ్గర ఆపి 27-18తో గెలిచింది. ఆ గెలుపులో పట్టుది పెద్ద పాలు.

హసన్‌పర్తి నుంచి ఒక పీఈటీ: మా ఆడపిల్లల జట్టుకు కూడా ఇవే కొలతలు పనికొస్తాయా?

బరి చిన్నది కాబట్టి కొంచెం మారతాయి. ఆడవాళ్ళ బరి 12 మీటర్లు, 8 మీటర్లు. బాల్క్ లైన్ 3 మీటర్ల దగ్గర, బోనస్ లైన్ 4 మీటర్ల దగ్గర. మనిషి చాపు మాత్రం ఆ లెక్కన తగ్గదు. అయిదడుగుల మూడంగుళాల అమ్మాయి చాపు కూడా 2 మీటర్లు ఉంటుంది. ముగ్గుగీతను 2.2 దగ్గర గీసినా, దానికీ బాల్క్ లైన్‌కూ మధ్య 80 సెంటీమీటర్లే మిగిలింది. కార్నర్ ఒంటరి పట్టుకు చోటు తక్కువ కాబట్టి కవర్ల బ్లాక్ మీద ఎక్కువ సమయం పెట్టండి. మీ జట్టులో తుంటి బలం ఉన్న ఇద్దరిని కార్నర్‌లో కాక కవర్‌లో నిలబెట్టి చూడండి.

జనగామ నుంచి ఇద్దరు మిత్రులు: ముగ్గురమే మిగిలినప్పుడు పట్టాల్నా, తప్పించుకోవాల్నా?

పట్టాలి, కానీ ముందే కాదు. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు పట్టిన పట్టు సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. బోనస్ ఆరుగురు, ఆపైన ఉంటేనే కాబట్టి దాని బెంగ లేదు. ముగ్గురూ 8 మీటర్ల వెడల్పునంతా కాపాడబోతే ఒక్కొక్కరు ఒంటరి అవుతారు. ఒకరికొకరు చేయి అందేంత దగ్గరగా ఒక వైపు నిలబడండి, మిగతా చోటు ఖాళీగా వదలండి. ఖాళీ చోట రైడర్‌కు ముట్టుకోవడానికి ఎవరూ లేరు, పాయింట్ కావాలంటే మీ దగ్గరికే రావాలి. చివర ఉన్నవాడు కాలు పట్టగానే మిగతా ఇద్దరూ ఒకేసారి పోవాలి. ఒకడు తటపటాయించినా పట్టు జారుతుంది. ముగ్గురూ పోతే ఆలౌట్, వాళ్ళకు ఇంకో రెండు పాయింట్లు.

టోర్నీలో డూ ఆర్ డై రైడ్ (వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదంటే రైడర్ ఔట్) ఉందా, సూపర్ టాకిల్ ఉందా అని నిర్వాహకులను ముందే అడగండి. ఊరి టోర్నీల్లో ఈ నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా పెడతారు.

భూపాలపల్లి నుంచి ఒక విద్యార్థి: వాళ్ళ మెయిన్ రైడర్ ఔటై కూర్చున్నప్పుడు మా డిఫెన్స్ మార్చాల్నా?

తప్పకుండా మార్చాలి, చాలామంది ఇక్కడే చేజార్చుకుంటారు. ఔటైనవాళ్ళు ఔటైన వరుసలోనే లోపలికి వస్తారు. అతడే మొదట ఔటై ఉంటే మీరిచ్చే మొదటి టచ్ అతణ్ణి తిరిగి తెస్తుంది. బోనస్ తేదు. కాబట్టి అతడు బయట ఉన్నంతసేపు ఎవరు కూతకు వచ్చినా బోనస్ వదిలేయండి, టచ్ మాత్రం ఇవ్వొద్దు. తొందరపడి పట్టబోవద్దు కూడా. విఫలమైన పట్టు టచ్‌తో సమానం. 30 సెకన్లూ పాదాలతో తప్పించుకుంటూ ఖాళీగా పంపండి. ఈలోగా మీ రైడర్లు వాళ్ళ మిగతావాళ్ళను కొట్టాలి.

ములుగు నుంచి: మా ఊళ్ళ రేగడి నేల. ఎండితే నెర్రెలు, తడిస్తే జిగురు. బరి ఎట్ల చేయాలె?

రేగడి మీద నేరుగా ఆడొద్దు, నెర్రెలో వేలు ఇరుక్కుంటే మడమ మెలిపడుతుంది. పై మట్టి జానెడు తీసి, జల్లెడ పట్టిన ఎర్రమట్టి పోయండి. పైన మాగిన పశువుల ఎరువు, రంపపు పొట్టు కలిపి పరచండి. ఆట ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి, పొద్దున మళ్ళీ గీరి చదును చేయండి. చెప్పుల్లేకుండా బరి ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడవండి, కంకర రాయి ఉంటే పాదానికే తెలుస్తుంది. కార్నర్లు నిలబడే రెండు మూలలూ చేతితో తడిమి చూడండి, ఎక్కువ మంది పడేది అక్కడే.