చిన్నీకి, ట్యాక్స్ ఫైల్ చేసే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఈ ఏడు దాని అమెరికా ట్యాక్సులు అదే ఫైల్ చేసుకుంటుందట, గదిలో పిల్లలందరివీ కూడా అదే చేసిపెడుతుందట" అంది. గొంతు నిండా మురిపెం. నేనూ మురిసిపోయాను గానీ, ఫోన్ పెట్టేశాక గుండెల్లో రాయి పడింది. అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టక లేచి కూర్చుని ఇది రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, నీ సంగతి నాకు తెలీదా.

తేలికవి ముందు అయిపోనీ. డబ్ల్యూ-2లో, అదే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితంలో, పేరూ, సోషల్ సెక్యూరిటీ నంబరూ సరిచూసుకో. గడువు ఏప్రిల్ 15. రీఫండ్ బ్యాంకులోనే పడేలా పెట్టుకో. కాపీ దాచుకో. ఇవి చెప్పించుకునే దశ నువ్వు దాటేశావు.

అసలు తిరకాసు వేరే ఉంది. టీవీలో ప్రకటనలు వచ్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇక్కడి రెసిడెంట్లు వేసే 1040 ఫారం మీద నడుస్తాయి. నీది అది కాదు. నువ్వు 2023 ఆగస్టులో దిగావు. ఎఫ్-1, అదే చదువు వీసా, మీద వచ్చినవాళ్ళకి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఇక్కడున్న రోజులు, రెసిడెంటా కాదా అని చూసే లెక్కలోకి రావు. నాలుగు నెలలే ఉన్నా 2023 ఒక ఏడాది కిందే లెక్క. అంటే 2027 దాకా, ఎఫ్-1 మీద ఉన్నన్నాళ్ళూ, నువ్వు నాన్‌రెసిడెంటువే. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ కూడా ఎఫ్-1 కిందే వస్తుంది. నీ ఫారం 1040-ఎన్‌ఆర్, దానికి తోడు ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843. హెచ్-1 ఉద్యోగ వీసా వస్తే లెక్క మారుతుంది, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టు. నాన్‌రెసిడెంట్ల సాఫ్ట్‌వేర్‌కి కోడ్ ఉచితంగా ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, చదువు అయిపోయినవాళ్ళకీ ఇస్తారేమో అడుగు. అడగడానికి మొహమాటపడకు. మన ఇంట్లో ఆడపిల్లలందరికీ ఉన్న జబ్బు అది.

ఇంకొకటి. డబ్ల్యూ-2లో 4, 6 గడులు చూడు. అక్కడ అంకెలుంటే మీ కంపెనీవాళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద నీ జీతంలోంచి నూటికి 7.65 కోశారన్నమాట. నాన్‌రెసిడెంట్ ఎఫ్-1 వాళ్ళకి అది పడకూడదు. ముందు పేరోల్ వాళ్ళని అడుగు, వాళ్ళు వెనక్కివ్వకపోతే ఫారం 843, దాంతో 8316 జతచేసి ఐఆర్‌ఎస్‌కి, అదే ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకి, పంపాలి. నీ డబ్బు అది, వదులుకోకు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తా.

నీకు ఎర్ర సైకిలు కొన్నది గుర్తుందా? 2010 వేసవిలో మేం విజయవాడ వచ్చినప్పుడు. గవర్నరుపేటలో కొట్టు కొట్టూ తిరిగి బుట్ట ఉన్నదే కావాలని ఏడ్చి మరీ కొనిపించుకున్నావు. ఆ సైకిలు వెనక కథ మీ అమ్మకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

అప్పుడు మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. మీ పెదనాన్న ప్రాజెక్టు కనెక్టికట్‌లో. సోమవారం తెల్లారకుండా వెళ్ళి గురువారం రాత్రి వచ్చేవారు. ఆ ఏడు మార్చిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో మనవాడే ఒకాయన శనాదివారాలు ట్యాక్సులు వేసిపెట్టడానికి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు. బిల్డింగులో సగంమంది ఆయన దగ్గరే చేయించుకున్నారు. మేమూ వెళ్ళాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "ఎంత రీఫండ్ కావాలి సార్?"

పెళ్ళిభోజనంలో ఇంకో గారె వెయ్యమంటారా అన్నట్టు అడిగాడు. మేం నవ్వాం కూడా.

కనెక్టికట్ హోటల్ అద్దె, భోజనాలు, కారు మైళ్ళు, బట్టలు ఉతికించుకున్న ఖర్చు అన్నీ కలిపి 2106 అనే ఫారంలో కుక్కాడు. ఉద్యోగి సొంతంగా పెట్టుకున్న ఖర్చులని అప్పట్లో చూపించుకోవచ్చు. 2018 నుంచి మామూలు ఉద్యోగులకి ఫెడరల్ పన్నులో అది తీసేశారు. అప్పట్లోనైనా బయటూరి పని ఏడాది లోపు ముగిసేదైతేనే చెల్లుతుంది. పెదనాన్న అక్కడ అప్పటికే రెండేళ్ళ పైగా చేస్తున్నారు. పైగా హోటల్ ఖర్చులో సగం కంపెనీ ఇచ్చేది. రసీదు ఒక్కటీ దాచలేదు. రావలసినదానికంటే 4,100 డాలర్లు ఎక్కువ వచ్చింది. అందులో నూటికి పది ఆయన తీసుకున్నాడు. మిగిలినదానితో ఇండియా టికెట్లు, నీ సైకిలు.

నేనూ సంతకం పెట్టాను. భార్యాభర్తలు కలిపి వేసే జాయింట్ రిటర్న్ కదా. పేజీ తిప్పలేదు, అంకె చూడలేదు. ఆయన వేలు పెట్టి చూపించిన చోట పెట్టేశాను. నాకు ఉద్యోగం లేదు, డిపెండెంట్ వీసా హెచ్-4 మీద ఉన్నా, నాకేం సంబంధం అనుకున్నా. జాయింట్ రిటర్న్ మీద సంతకం పడితే మొత్తం బాకీకి ఇద్దరిలో ఎవరినైనా పట్టుకోవచ్చని అప్పుడు తెలీదు. నా పేరు మీద రూపాయి సంపాదన లేకపోయినా ఆ బాకీ నాదే.

మరుసటి ఏడు ఇల్లు మారాం. పోస్టాఫీసువాళ్ళు మామూలుగా ఏడాది పాటే ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళిస్తారు. అది అయిపోయాక ఐఆర్‌ఎస్ ఉత్తరం పాత ఇంటికి వెళ్ళింది: రసీదులు చూపించండి, 30 రోజుల్లో. ఆ ఇంట్లో దిగిన తెలుగువాళ్ళు దాన్ని పారెయ్యకుండా ఉంచి, గుళ్ళో కనబడినప్పుడు చేతికిచ్చారు. అప్పటికి గడువు దాటిపోయింది. పెదనాన్న దాన్ని విప్పి చదివి, నాకు చెప్పకుండా దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టారు. గ్రీన్ కార్డు మధ్యలో ఉంది, భయం ఆయనకి. శనివారం పటాలు తుడుస్తుంటే నాకు దొరికింది. తెల్ల కవరు, కిటికీలోంచి మా ఇద్దరి పేర్లూ, మూల మీద కుంకుమ మరక. ఈ రోజుకీ పోస్టు డబ్బాలో కిటికీ కవరు కనబడితే నాకు అరచేతులు చెమర్చుతాయి.

క్లబ్ హౌస్ ఆయనకి ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచెయ్యలేదు. రిటర్న్ కాపీ తీసి చూస్తే, తయారుచేసినవారి సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. అంటే కాగితాల ప్రకారం అంతా మేమే చేసుకున్నట్టు. ఆయన అసలు లేనే లేడు.

ఈలోపు రెండో ఉత్తరం వచ్చింది. దానికి 90 రోజులు గడువు, ఒప్పుకోకపోతే ట్యాక్స్ కోర్టుకి వెళ్ళచ్చు. మా పక్కవీధిలో ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్ ఉండేది, ఐఆర్‌ఎస్ పరీక్ష ప్యాసై వాళ్ళ ముందు మన తరఫున మాట్లాడే అర్హత ఉన్న మనిషి. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి కళ్ళజోడు తీసి, "కోర్టులో చూపించడానికి మీ దగ్గర ఏముంది?" అంది. ఏమీ లేదు. 4,100 అసలు, దాని మీద నూటికి 20 జరిమానా అంటే 820, పైన వడ్డీ. నెలకి 250 చొప్పున ఏడాది పైగా కట్టాం. గ్రీన్ కార్డుకి ఏమీ కాలేదు. మొదటి ఉత్తరం అందిన రోజే ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉంటే ఇన్ని నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక గడిపేవాళ్ళం కాదు. పెదనాన్నని నేనన్న మాటలు ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. పాపం, ఆ మనిషి నన్ను కాపాడదామనే దాచారు.

ఆ తర్వాతే నేను వీటా పరీక్ష రాసి లైబ్రరీలో కూర్చోవడం మొదలుపెట్టా. వీటా అంటే, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఐఆర్‌ఎస్ శిక్షణ ఇచ్చిన వాలంటీర్లు ఉచితంగా రిటర్న్ వేసిపెడతారు. ఒకరు తయారుచేస్తే రెండో మనిషి మళ్ళీ మొదటి నుంచీ చూడాలి, అదక్కడ నియమం. నీ గదిలో ఆ రెండో మనిషి ఎవరే?

మీ గది పిల్లల సంగతి చెప్తా విను. డబ్బులు పుచ్చుకోకు, పుచ్చుకుంటే ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ నంబరు ఉండాలి, సంతకం పెట్టాలి. వాళ్ళ సోషల్ నంబర్లు వాట్సాప్‌లో అడక్కు. పక్కన కూర్చో, బటన్ మాత్రం వాళ్ళనే నొక్కనియ్. నీది చూసి మిగతా అందరివీ దించెయ్యకు. భారతదేశంతో ఉన్న ఒప్పందంలో 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్, అదే ఆదాయంలోంచి నేరుగా తగ్గించుకునే మొత్తం, దొరుకుతుంది, 2025కి 15,750 డాలర్లు. మీ గదిలో నేపాల్ అమ్మాయికి అది రాదు, వాళ్ళకి అమెరికాతో అలాంటి ఒప్పందమే లేదు. ఉద్యోగం రాని పిల్ల ఉందన్నావు, ఆదాయం సున్నా అయినా 8843 ఒక్కటీ జూన్ 15 లోపు పోస్టులో పంపాలి. షేర్లు కొని అమ్మిన పిల్లది మాత్రం నువ్వు ముట్టుకోకు. నాన్‌రెసిడెంట్ల రిటర్న్‌లు చేసే వీటా కేంద్రాలు కొన్ని ఉన్నాయి, అక్కడికి పంపు.

ఎక్కడైనా చిక్కుకుంటే వరస ఇది. ముందు ఐఆర్‌ఎస్ సైట్లో పబ్లికేషన్ 519 చదువు, విదేశీయుల కోసం రాసిందే. ఫోన్ 800-829-1040, పొద్దున్నే చెయ్యి, చెవిలో సంగీతం వింటూ వంట చేసుకోవచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే వాళ్ళ ఆఫీసుకి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళు. అన్నీ అయ్యి కూడా నెలల తరబడి తేలకపోతే, ఇంటద్దెకి కటకటగా ఉంటే, ఐఆర్‌ఎస్‌లోనే మన తరఫున చూసే ట్యాక్స్‌పేయర్ అడ్వొకేట్ ఉన్నారు, ఫారం 911, రుసుము లేదు. లైబ్రరీలో ఒకావిడ రీఫండ్ ఆగిపోయి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడిస్తే ఆ ఫారం నేనే దగ్గరుండి రాయించా.

ఫోన్ చేసి "అరెస్టు చేస్తాం, గిఫ్ట్ కార్డులు కొనండి" అనేవాడు ఐఆర్‌ఎస్ కాదు. వాళ్ళు మామూలుగా ముందు ఉత్తరమే రాస్తారు. 2016లో నాకూ వచ్చింది అలాంటి ఫోను. గొంతులో మన దేశపు యాస విని, పాపం ఎవరో మనవాడే అనుకుని ఐదు నిమిషాలు మర్యాదగా మాట్లాడా. ఆ అక్టోబరులోనే థానే పోలీసులు మీరా రోడ్‌లో అలాంటి కాల్ సెంటర్ల మీద పడ్డారని పేపర్లో చదివి సిగ్గుపడ్డా.

నువ్విదివరకు ఉన్న టెక్సాస్‌లో రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు కాబట్టి నీకు అలవాటు లేదు, ఇప్పుడున్న నార్త్ కరోలినాలో ఉంది. అది ఇంకో రోజు.

నీ రిటర్న్ పూర్తయ్యాక పంపే ముందు ఆదివారం వీడియో కాల్ చెయ్యి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదువు, నేను వింటా. విసుక్కోకు. పెదనాన్న కూడా పక్కన కూర్చుంటానన్నారు.

షార్లెట్‌లో కొత్త అపార్ట్‌మెంట్ నంబరు ఇంకా పంపలేదు నువ్వు. ఐఆర్‌ఎస్‌కి ఫారం 8822 మీద పంపు, నాకు వాట్సాప్‌లో పంపు. మాగాయ సీసా మూడు కవర్లు చుట్టి పెట్టి నాలుగు రోజులైంది, పైన అడ్రస్ రాయడానికి పెన్ను పట్టుకుని కూర్చున్నా.

నీ పెద్దమ్మ