ఓటీ కోర్సులో సీట్లు రెట్టింపయ్యాయంటే అది మంచి విభాగమనేనా?

మీరు రాసినదాని సారాంశం ఇది. అమ్మాయి న్యూజెర్సీలో సైకాలజీ డిగ్రీ పూర్తి చేసింది, ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) చదువుతానంటోంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఏటా ముప్పై మందినే తీసుకునే చిన్న విభాగం, అక్కడ ఇచ్చేది మాస్టర్స్ పట్టా. రెండోది పదేళ్లలో సీట్లు రెట్టింపు చేసుకుని, కొత్త భవనం కట్టుకుని, మాస్టర్స్ ఎత్తేసి డాక్టరేట్ పెట్టిన విభాగం. ‘ఇంత పెరిగిందంటే గిరాకీ ఉన్నట్టే కదా, అందులోనే చేర్చమంటారా?’ అని అడిగారు.

గిరాకీ ఉన్న మాట నిజమే. ఆ ఒక్క కారణంతో చేర్చమని మాత్రం నేను చెప్పలేను.

నేను చెన్నైలో నాలుగున్నరేళ్ల బీఓటీ, అంటే ఓటీ డిగ్రీ చదివి, 2009లో అమెరికా వచ్చి మాస్టర్స్ చేశాను. అప్పటినుంచి ఒక పునరావాస ఆసుపత్రిలో ఎక్కువగా పక్షవాతం వచ్చినవారితో పనిచేస్తున్నాను. మధ్యలో ఆరేళ్లపాటు ఒక విశ్వవిద్యాలయంలో సాయంత్రాలు ప్రయోగశాల తరగతులు చెప్పాను. నేను చేరేనాటికి అక్కడ ఏటా 24 మంది విద్యార్థులు. మానేసేనాటికి 56 మంది. పేరు అడగకండి, నా స్నేహితులు ఇంకా అక్కడ పనిచేస్తున్నారు.

మన ఇళ్లలో ఈ చదువు గురించి ఎంత తెలుసో నాకు అనుభవమే. ఓటీలో చేరానని చెబితే మా పెద్దమ్మ, నాకు ఆపరేషన్ థియేటర్‌లో ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పుకొచ్చింది. ఫిజియోథెరపీకి ఇంకో పేరనుకునేవారు కూడా ఉన్నారు. దెబ్బతిన్న చేయి ఎంత పైకి లేస్తోందన్నది మాకు సగం ప్రశ్నే. ఆ చేత్తో మనిషి తలదువ్వుకోగలడా, అన్నం కలుపుకోగలడా, మళ్లీ కొట్టు తెరిచి చిల్లర లెక్కపెట్టగలడా అన్నది మిగతా సగం. మీ అమ్మాయి సైకాలజీ నుంచి వస్తోంది కాబట్టి ఆ రెండో సగం ఆమెకు సులువుగానే పట్టుబడుతుంది.

ఇక పెరుగుదల సంగతి. ఈ వృత్తి అమెరికాలో సంఘంగా ఏర్పడింది 1917లో, న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో. మరుసటి ఏడాదే, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం బోస్టన్‌లోనూ సెయింట్ లూయిస్‌లోనూ శిక్షణ పాఠశాలలు వెలిశాయి. ఆ రెండూ తర్వాత విశ్వవిద్యాలయాల్లో కలిసి నేటికీ నడుస్తున్నాయి. మన దేశానికి ఈ చదువు తెచ్చింది కమలా నింబ్కర్. ఆమె పుట్టుకతో అమెరికన్, పెళ్లితో భారతీయురాలు. ఫిలడెల్ఫియాలో శిక్షణ పొంది, 1950లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పాఠశాల మొదలుపెట్టారు. నాకు పాఠం చెప్పినవారి గురువులు ఆ పాఠశాల నుంచి వచ్చినవారే. అందుకే ఇక్కడి పాఠ్యపుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు నాకు పరాయి ఇల్లనిపించలేదు.

చాలాకాలం ఇక్కడ కూడా డిగ్రీతోనే ఈ పని చేసేవారు. 2007 నుంచి కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి మాస్టర్స్ తప్పనిసరి అయింది. 2017లో గుర్తింపు సంస్థ ఏకోట్ ఇంకో అడుగు వేసి, 2027 జులై నుంచి డాక్టరేట్ ఉంటేనే ప్రవేశం అని ప్రకటించింది. గగ్గోలు రేగింది. చివరకు 2019 నాటికి ఆ నిబంధన పక్కకు పోయి, మాస్టర్స్, డాక్టరేట్ రెండు దారులూ ఉంటాయని తేలింది. ఈలోగా చాలా విశ్వవిద్యాలయాలు డాక్టరేట్‌కు మారే పని మొదలుపెట్టేశాయి. మొదలుపెట్టినవాటిలో చాలావరకు వెనక్కి రాలేదు. ఎందుకు వస్తాయి? కోర్సు పొడుగైతే ఫీజు కూడా పెరుగుతుంది కదా. కాబట్టి మీరు చెప్పిన రెండో విభాగం డాక్టరేట్ పెట్టడం గొప్ప ఆశయంతో జరిగిందో, ఆ గాలికి కొట్టుకుపోయి జరిగిందో బయటివారికి తెలియదు.

మీకు తెలియాల్సినది ఒకటుంది. మాస్టర్స్ చేసినా, డాక్టరేట్ చేసినా రాయాల్సిన జాతీయ పరీక్ష ఒకటే, చేతికొచ్చే లైసెన్సూ ఒకటే. డాక్టరేట్‌లో అదనంగా ఉండేది ముఖ్యంగా 14 వారాల క్యాప్‌స్టోన్, అంటే 560 గంటలపాటు పరిశోధనలోనో, పాలనలోనో, విధాన రూపకల్పనలోనో ఒక ప్రత్యేకమైన పని. రేపు పాఠాలు చెప్పాలనో, సొంతంగా ఏదైనా కార్యక్రమం నడపాలనో కోరిక ఉంటే అది పనికొస్తుంది. రోగుల దగ్గర పనిచేయడమే ఇష్టమైతే, మా ఆసుపత్రిలో ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పని, ఒకే జీతం.

ఈ కోర్సులో కుర్చీలు పెంచడం తేలిక. చేతులు పెంచడం కష్టం. స్ప్లింట్, అంటే చేతిని సరైన వంపులో నిలిపి ఉంచే తొడుగు, దాని తయారీ తరగతినే చూడండి. థర్మోప్లాస్టిక్ రేకును సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో వేస్తే నిమిషంలో తడిసిన అప్పడంలా వాలిపోతుంది. తీసి, తుడిచి, చేతిమీద పరిచి, వేళ్ల వంపులకు తగ్గట్టు ఒత్తాలి. గట్టిపడేలోపు మీ దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. నా దగ్గర 24 మంది ఉన్నప్పుడు రెండు వేడినీళ్ల తొట్టెలు సరిపోయేవి. ప్రతి ఒక్కరి మణికట్టునూ నేనే పట్టుకుని, బొటనవేలు మొదట్లో ఎక్కడ నొక్కుకుపోతుందో చూపించేదాన్ని. 40 మంది దాటాక రెండు తొట్టెల ముందు రేషన్ షాపు వరస తయారైంది. రేకు వంతు వచ్చినవారు దాన్ని చేతిమీద పరిచి నాకోసం చూసేవారు. నేను వెళ్లేసరికి అది బిగిసిపోయేది. మళ్లీ వేడిచేసేవాళ్లం. కొత్త భవనంలోకి మారాక తొట్టెలు ఆరయ్యాయి, పెద్ద తెరలు వచ్చాయి, నా చేతులు కెమెరాలో కనిపించేవి. బోధకులం మాత్రం ఇద్దరమే. చూసి నేర్చుకునేది కాదిది. పరీక్ష రోజున చాలామంది చేసిన స్ప్లింట్లు చూడ్డానికి అందంగానే ఉన్నాయి, తొడుక్కుంటే గంటలో చర్మం కందిపోయేలా ఉన్నాయి.

న్యాయంగా చెప్పాలంటే, పెరగడం వల్ల మేలు కూడా జరిగింది. 24 మంది ఉన్న రోజుల్లో పిల్లల చికిత్స గురించి చెప్పడానికి ఒక్కరే ఉండేవారు. ఆవిడ సెలవు పెడితే పాఠం ఆగేది. తర్వాత ఇద్దరు వచ్చారు. శవపరిచ్ఛేదనానికి వైద్య కళాశాల గదిని అరువు తెచ్చుకునే అవస్థ తప్పింది. స్నానాల గది, వంటగది, మంచం ఉన్న నమూనా ఇల్లు ఒకటి కట్టారు, అది నిజంగా బాగుండేది.

అసలు చిక్కు తరగతి బయట ఉంది. ప్రతి విద్యార్థీ చివర్లో కనీసం 24 వారాలు పూర్తికాలం క్షేత్రశిక్షణ చేయాలి. సాధారణంగా పన్నెండేసి వారాలు రెండు వేర్వేరు చోట్ల చేస్తారు. పర్యవేక్షించే థెరపిస్టుకు కనీసం ఏడాది అనుభవం ఉండాలి. ఇందుకు ఆ థెరపిస్టుకు చాలాచోట్ల పైసా కూడా అదనంగా రాదు. పైగా మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పార్ట్ బి కింద చికిత్స పొందే రోగి దగ్గర విద్యార్థి ఒక్కరే చేసిన పనికి బిల్లు వేయకూడదు. నేను ఆ గదిలోనే ఉండి, ఆ రోగినే చూస్తూ, విద్యార్థిని నడిపించాలి. మరోపక్క రోజుకు బిల్లు వేసే పదిహేను నిమిషాల యూనిట్లు ఇన్ని చూపించమని మా యాజమాన్యం లెక్క అడుగుతుంది. ఇన్ని ఒత్తిళ్ల మధ్య ఏడాదికి ఒకరిని, మహా అయితే ఇద్దరిని తీసుకోగలను. విశ్వవిద్యాలయం సీట్లు 24 నుంచి 56 చేసిన ఆ ఆరేళ్లలో మా ఆసుపత్రిలో థెరపిస్టుల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. అదే వేసవికి అదే ఖాళీ కోసం నాకు ఐదు విశ్వవిద్యాలయాల నుంచి ఉత్తరాలు వచ్చాయి.

ఫలితం విద్యార్థుల మీద పడింది. నా దగ్గర ప్రయోగశాల పాఠం విన్న ఒక అమ్మాయికి ఊళ్లో చోటు దొరకక, రెండు రాష్ట్రాల అవతల ఒక వృద్ధాశ్రమంలో దొరికింది. ఇక్కడి గది అద్దె కడుతూనే అక్కడ మూడు నెలలు ఇంకో గది తీసుకుంది. ఇంకొకరికి మొదలుకావడానికి పదిరోజుల ముందు ఆ చోటు రద్దయి, పట్టా నాలుగు నెలలు వెనక్కి పోయింది. వాళ్ల ఫీజు రసీదుల్లో ఇవేవీ కనిపించవు.

ఆ 24 వారాల విలువ ఎంతో మీకు అర్థం కావాలంటే ఒక సంఘటన చెప్పాలి. కొడుకు ఇంటికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎనిమిదో వారంలో ఉన్న నా విద్యార్థిని, పుస్తకంలో ఉన్నట్టే, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్పబోయింది. ఆవిడ నోరు తెరవలేదు. ‘సహకరించడం లేదు’ అని నమోదు చేయబోతుంటే ఆపి, ఎందుకో కనుక్కోమన్నాను. కారణం నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు. రెండు రోజులు కోడలితో మాట్లాడి, ఎడమచేత్తో తినడం ఆవిడకు ఎంత అవమానమో ఆ అమ్మాయే తెలుసుకుంది. పడిపోయిన కుడిచేతికే పట్టీ కట్టి, అందులో చెంచా దూర్చి, ఎడమచేత్తో మోచేతిని ఆసరాగా పట్టుకుని లోతైన గిన్నెలో పెరుగన్నం తినేలా ఏర్పాటు చేసింది. సగం బల్లమీద పడింది. అయినా ఆవిడ తిన్నది. తనకు తానుగా కనుక్కోవడానికి రెండు రోజులు ఇవ్వగలిగాను కాబట్టి ఇది జరిగింది. నా నెత్తిన ముగ్గురు విద్యార్థులుంటే మొదటి గంటలోనే జవాబు చెప్పేసి ముందుకు పోయేదాన్ని.

పెరగడమంటే సీట్లే కానవసరం లేదు. లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ విభాగం 1942లో మొదలైంది. 1989లో అక్కడ ఆక్యుపేషనల్ సైన్స్ అనే కొత్త శాస్త్రంలో పీహెచ్‌డీ పెట్టారు. 1997లో అక్కడి బృందం 361 మంది వృద్ధులను మూడు గుంపులుగా చేసి జరిపిన అధ్యయనాన్ని అమెరికా వైద్యసంఘం పత్రిక ప్రచురించింది. థెరపీ అందినవారు మెరుగుపడ్డారు. ఊరికే కాలక్షేప కార్యక్రమాలకు తీసుకెళ్లినవారు మాత్రం ఏమీ అందనివారికంటే మెరుగ్గా లేరు. ‘రోగులతో బొమ్మలు వేయించడమేగా మీ పని’ అనేవారికి నేను ఇప్పటికీ ఇదే చూపిస్తాను. 2014లో ఆ విభాగానికి 2 కోట్ల డాలర్ల విరాళం వచ్చి, దాత కుటుంబం పేరు పెట్టారు. ముందు పని, తర్వాత డబ్బు. చాలాచోట్ల ఇది తలకిందులుగా నడుస్తోంది.

ఇప్పుడు మీ అమ్మాయి చేయాల్సింది. గుర్తింపు పొందిన ప్రతి విభాగమూ ఎందరు పట్టా పొందారు, చేరినవారిలో వాళ్లు ఎంత శాతం అన్నది బయటపెట్టాలి. జాతీయ పరీక్షలో మూడేళ్ల సగటు ఉత్తీర్ణత 80 శాతానికి తగ్గితే గుర్తింపుకే ముప్పు. కాబట్టి ఉత్తీర్ణత అంకె అందరిదీ బాగానే కనిపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోకండి. పట్టా పొందినవారి శాతం సీట్లు పెంచక ముందు ఎంత, పెంచిన తర్వాత ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూడమనండి. డాక్టరేట్ కొత్తగా పెట్టారంటున్నారు కాబట్టి దానికి పూర్తి గుర్తింపు వచ్చిందా, ఇంకా అభ్యర్థి దశలోనే ఉందా అని కూడా అడగాలి. గుర్తింపు లేని విభాగం నుంచి బయటకొస్తే పరీక్షకే కూర్చోనివ్వరు. క్షేత్రశిక్షణ సమన్వయకర్తలు ఎందరున్నారో, కిందటేడు ఎందరిని రాష్ట్రం దాటించి పంపారో సూటిగా అడగమనండి. తడబడితే అదే జవాబు.

డబ్బు మాట కూడా చూసుకోండి. 2026 జులై 1 నుంచి కొత్త విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణాలు (గ్రాడ్యుయేట్ చదువుకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే అప్పులు) ఉండవు. సాధారణ గ్రాడ్యుయేట్ కోర్సులకు సమాఖ్య రుణ పరిమితి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు. థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మే లెక్కల ప్రకారం 98,340 డాలర్లు. డాక్టరేట్ కోసం అదనంగా గడిపే కాలానికి ఫీజు, అద్దె, ఆ నెలల్లో రాని జీతం, ఈ మూడూ కూడి, ఆ వేతనం పక్కన పెట్టి చూసుకోండి.

మీరిచ్చిన వివరాలు ఇంతే అయితే నా మొగ్గు చిన్న విభాగం వైపే, పాఠాలు చెప్పాలన్న కోరిక అమ్మాయికి గట్టిగా లేకపోతే. నిర్ణయించేముందు రెండు చోట్లకూ ఒకసారి వెళ్లి రమ్మనండి, అదీ తరగతులు జరిగే రోజున. కొత్త భవనం చూపించడానికి ముందుకొస్తారు. చూడనివ్వండి. తర్వాత స్ప్లింట్ గది ఎక్కడుందో అడిగి, వేడినీళ్ల తొట్టెలు ఎన్ని, చుట్టూ విద్యార్థులు ఎందరు, వాళ్ల మధ్య తిరిగే బోధకులు ఎందరు అన్నది లెక్కపెట్టుకుని రమ్మనండి.