ఊపిరితిత్తుల బీపీకి మందులు పనిచేస్తున్నంతకాలం మార్పిడి ఆపరేషన్ గురించి ఆగొచ్చా?

మీ అక్కకి తీవ్రమైన పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల బీపీ) అనీ, మందులు పనిచేయడం మానేశాక ఊపిరితిత్తుల మార్పిడి సంగతి చూస్తామనీ రాశారు. దయచేసి అలా ఆగకండి. మా చెల్లి విషయంలో మేం చేసిన తప్పు అదే.

ఆయాసం అంటే రెండేళ్లపాటు ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు ఆస్తమా అన్నారు, ఇంకొకరు పెళ్లి టెన్షన్ అన్నారు. చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ మామూలుగానే ఉండేది. ఈ బీపీ ఉండేది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో. ఎకోలో (గుండె స్కాన్) అనుమానం వచ్చినా, గుండెలోకి సన్నటి గొట్టం పంపి చేసే కేథటర్ పరీక్షతోనే ఖాయంగా తేలుతుంది. "ఉప్పు మానేస్తే పోతుందిలే" అనే చుట్టాలని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదట ఇచ్చిన మందు సిల్డెనాఫిల్, రోజుకి మూడుసార్లు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు స్ట్రిప్ అయిపోయింది. నాన్న, నేను మూడు మందుల షాపులు తిరిగాం. రెండో షాపు కుర్రాడు చీటీ చూసి, పక్కవాడికి చూపించి నవ్వాడు. వయాగ్రాలో ఉండేది ఈ మందే కదా. అరవై దాటిన మా నాన్న తల వంచుకుని "మా అమ్మాయికి బాబూ, ఊపిరితిత్తుల జబ్బు" అన్నారు. మూడో షాపులో పెద్ద డోసే దొరికితే, డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి, నాన్న పేపరు మీద పెట్టి బ్లేడుతో సగానికి కోశారు. అప్పటికి చెల్లి మంచం అంచున కూర్చుని ఉంది. పెదాలు నీలంగా, మడమల దగ్గర వేలు పెడితే సొట్ట. అందుకే చెబుతున్నా, ఇంట్లో ఎప్పుడూ పదిహేను రోజుల మందు అదనంగా ఉండాలి.

తర్వాత బొసెంటాన్ కూడా కలిపారు. దానికి నెలనెలా లివర్ పరీక్ష తప్పదు, గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఈ మందులు రక్తనాళాల్ని సడలించి కుడివైపు గుండె మీద భారం తగ్గిస్తాయి, అంతే. జబ్బుని తీసెయ్యవు. గుండె బాగా నీరసించి కిడ్నీలు, లివర్ కూడా దెబ్బతిన్నాక వెళితే ఆపరేషన్‌కే పనికిరారనొచ్చు. మాకు ఆ మాట చెప్పేసరికి ఏడాదిన్నర పోయింది. ముందే చెప్పి ఉండాల్సింది ఆ డాక్టరే అని నా నమ్మకం.

మార్పిడి జాబితాలో పేరు రాయించుకోవడమంటే రేపే ఆపరేషన్ అని కాదు. రక్తం గ్రూపు కలవాలి, ఛాతీ కొలత సరిపోవాలి. మా చెల్లి ఐదడుగులు కూడా లేదు, పొడవాటి మనిషి ఊపిరితిత్తులు పట్టవు. చాలామంది గుండె కూడా మార్చాలేమో అని హడలిపోతారు. రెండు ఊపిరితిత్తులూ మారిస్తే, భారం తగ్గిన కుడివైపు గుండె చాలామందిలో తనంతట తనే కోలుకుంటుంది.

ఇప్పుడు చెల్లి పేరు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో ఉంది. మందులు ఒక్క పూట కూడా ఆపలేదు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మీ అక్కని మార్పిడి చేసే టీమ్‌కి ఎప్పుడు చూపిస్తారో డాక్టర్‌ని నేరుగా అడగండి, తేదీ చెప్పించుకుని రండి.