కంప్రెసర్ ఆయిల్ శాంపిల్ తీసేటప్పుడు

మండపేట

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రైస్ మిల్లులో సార్టెక్స్‌కి (రంగు మారిన బియ్యం ఏరే మిషన్‌కి) గాలి ఇచ్చే స్క్రూ కంప్రెసర్ ఆయిల్ ల్యాబ్‌కి పంపుదామనుకుంటున్నావు. మంచి పని. కాకపోతే శాంపిల్ తప్పుగా తీస్తే పంపకపోవడమే నయం. ఆ రిపోర్టు నమ్మి బాగున్న బేరింగులు విప్పుకుంటారు.

మిషన్ అరగంటైనా లోడు మీద నడిచాక, ఆయిల్ వేడిగా ఉండగానే తియ్యి. రాత్రంతా ఆగితే నీళ్లూ, ఇనప రజనూ అడుక్కి దిగిపోతాయి. మిషన్ నడుస్తుండగా డ్రెయిన్ ప్లగ్గు జోలికి మాత్రం పోకు. లోపల 7 బార్ల ఒత్తిడి మీద 80–90 డిగ్రీల ఆయిల్ ఉంటుంది, ఒళ్లు కాలిపోతుంది. మిషన్ ఆపి, గేజి సున్నాకి వచ్చిందని చూసుకుని, పది నిమిషాల్లోపు మూత తియ్యి. కొత్త ప్లాస్టిక్ గొట్టాన్ని ఆయిల్ సగం లోతు దాకా దించి చేతిపంపుతో లాగు. గొట్టం అడుక్కి తగలనివ్వకు. ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే పట్టు. మంచినీళ్ల సీసా కడిగి వాడితే అందులో మిగిలిన తడే రిపోర్టులో నీరై కూర్చుంటుంది. చీటీ మీద మిషన్ గంటలు, ఆ ఆయిల్ నడిచిన గంటలు, మధ్యలో ఎన్ని లీటర్లు టాపప్ చేశారో రాయి.

మొదటిసారి కొత్త డబ్బాలోంచి కూడా ఒక సీసా పంపు. ఆయిల్లో దుమ్ము ఎంత చేరిందో రిపోర్టులో సిలికాన్ అంకె చూసే చెబుతారు. నురగ రాకుండా కలిపే మందులోనూ సిలికాన్ ఉండొచ్చు. కొత్త ఆయిల్లో ఎంతుందో తెలియకపోతే దుమ్ము లెక్క తేలదు. మన మిల్లులకి అసలు ముప్పు ఆ దుమ్ముతోనే. ఊకలో సిలికా ఎక్కువ, బాయిలర్ బూడిదలో మరీ ఎక్కువ. సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగితే దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి రోటర్లని (లోపల తిరిగే స్క్రూలని) అరగదీస్తోందన్నమాట. ఫిల్టర్ రబ్బరు, గొట్టం క్లిప్పు చూడు. గాలి కొట్టి పాత ఫిల్టరే మళ్లీ బిగించనివ్వకు, కాగితం చిల్లులు పడుతుంది.

రెండోది నీళ్లు. దాళ్వా ఆడించడం అయిపోయాక, ముసురు రోజుల్లో పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటారు. ఆయిల్ కాగదు, గాలిలో తేమ లోపలే నీరవుతుంది. అలాంటప్పుడు గంటసేపు లోడు మీద నడిపించు. పొద్దున్నే స్టార్ట్ చేసేముందు, ఒత్తిడి లేదని చూసుకుని, డ్రెయిన్ కొంచెం వదులు చెయ్యి. నీళ్లు పోయి ఆయిల్ రాగానే బిగించు. అనుమానంగా ఉంటే 150 డిగ్రీల పెనం మీద ఒక్క చుక్క వెయ్యి, చిటపటలాడితే నీళ్లున్నట్టే. కళ్లద్దాలు పెట్టుకో. అయితే పీఏజీ (పాలీఆల్కిలీన్ గ్లైకాల్) అనే సింథటిక్ రకం ఆయిల్ నీళ్లని తనలోనే కలుపుకుంటుంది. దానికి ఈ లెక్కలు పనికిరావు, మినరల్ ఆయిల్ కలపనూ కూడదు.

చిక్కదనం కొత్త ఆయిల్‌తో పోలిస్తే 10 శాతానికి మించి మారినా, యాసిడ్ నంబరు (ఆయిల్ ఎంత పులిసిందో చెప్పే అంకె) పైకి పోతున్నా ఆయిల్ మార్చెయ్యి. కూలర్ రెక్కల్లో తవుడు పేరుకుందేమో కూడా చూడు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. మార్చేటప్పుడు పాతది వేడి మీదే పూర్తిగా దించు. కూలర్లో మిగిలిన చెడ్డ ఆయిల్ కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

మామూలు పరీక్షకి సన్న రజనే అందుతుంది, పెద్ద ముక్కలు అందవు. పీక్యూ పరీక్ష (సైజుతో పనిలేకుండా ఇనప రజనంతా అయస్కాంతంతో కొలిచేది) కూడా అడుగు. రిపోర్టు బాగున్నా బేరింగు గీపెడుతుంటే చెవినే నమ్ము.

సార్వా ధాన్యం దిగేముందు ఒకటి, సీజన్ మధ్యలో ఒకటి పంపు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పెట్టు.

మీ మావయ్య