ఛాతీలో గుంట: ముందు స్కాన్, తర్వాతే శస్త్రచికిత్స మాట

మీ అబ్బాయికి 15 ఏళ్లు, ఛాతీ మధ్యలో గుంట, పరుగెత్తితే ఆయాసం అని రాశారు కదండీ. వర్ణన చూస్తే పెక్టస్ ఎక్స్‌కవేటమ్‌లా ఉంది. రొమ్ము ఎముక లోపలికి కుంగుతుంది. ఎదిగే వయసులో గుంట లోతెక్కుతుంది. వంగి కూర్చోవడం వల్ల వచ్చింది కాదు, పిల్లవాడిని తిట్టకండి. చాలామందిలో ఇది పైకి కనిపించే లోపం మాత్రమే. బాగా లోతైతే మాత్రం గుండె కుడి భాగాన్ని నొక్కవచ్చు.

సీటీ స్కాన్‌లో హాలర్ సూచిక చూస్తారు. ఛాతీ లోపలి వెడల్పును, రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ఉన్న దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. మామూలుగా 2.5 దరిదాపుల్లో ఉంటుంది, 3.25 దాటితే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్), శ్వాస పరీక్ష కూడా చేయించండి. మనిషి బాగా పొడవు, వేళ్లు సన్నగా పొడుగ్గా ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ (శరీర కణజాలాన్ని బలహీనపరిచే జన్యు జబ్బు) సంగతి తప్పక అడగండి.